తిరుపతిలో మిద్ది మీద యాంటెన్నా పెడితే ఫ్రీ టీవీ వస్తుందా? ఫ్రీ డిష్ మనమే బిగించుకునే పద్ధతి

నెలకి ఒకరైనా అడుగుతుంటారు, అన్నా మిద్ది మీద పెద్ద యాంటెన్నా పెడితే ఛానళ్ళన్నీ ఫ్రీగా వస్తాయంట కదా, ఆన్‌లైన్‌లో వీడియోలు చూపించి అమ్ముతున్నారు, తీసుకోమంటావా అని. వద్దు, తీసుకోవద్దు. ఆ వీడియోలన్నీ అమెరికాలోనో యూరప్‌లోనో తీసినవి, అక్కడ ఊరికి దగ్గర్లో టవర్ ఉంటుంది, ఆ టవర్ నుంచి డిజిటల్‌లో ఛానళ్ళు ఫ్రీగా వదుల్తారు, వాళ్ళు యాంటెన్నా పెడితే పడుతుంది. మన దగ్గర టవర్ నుంచి టీవీ వదిలింది ఎప్పుడూ దూరదర్శన్ ఒక్కటే, ప్రైవేట్ ఛానళ్ళకి ఆ పర్మిషనే లేదు. ఆ దూరదర్శన్ కూడా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని ఓ యాభై దాకా ఉంచుకుని మిగతావన్నీ 2022 మార్చి ఆఖరుకి ఆపేస్తామని చెప్పి ఆపేసింది. చెన్నై, హైదరాబాద్ లాంటి కొన్ని సిటీల్లో డిజిటల్ టవర్ పెట్టారు గాని దానికి టీవీలో డీవీబీ-టీ2 ట్యూనర్ (ఆ డిజిటల్ టవర్ సిగ్నల్ అందుకునే భాగం) ఉండాలి, పైగా చెన్నై మనకి నేరుగా గీత గీసినా వంద కిలోమీటర్ల పైనే, దాన్ని నమ్ముకుని డబ్బులు పెట్టొద్దు.

మా చిన్నప్పుడు అయితే చేప ముల్లు లాంటి అల్యూమినియం యాంటెన్నా ఉండేది, మా నాయన మిద్ది మీద పైపు తిప్పేవాడు, నేను కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది నాయనా... పోయింది... కొంచెం ఇటు" అని అరిచేవాణ్ణి. ఆ పని ఇప్పటికీ అదే, కాకపోతే తిప్పాల్సింది డిష్, పట్టాల్సింది టవర్‌ని కాదు శాటిలైట్‌ని.

అదే దూరదర్శన్ వాళ్ళ డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలైంది, ఇప్పుడు జీశాట్-15 శాటిలైట్ నుంచి వస్తుంది, అది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. నెల నెలా కట్టేది ఏమీ లేదు, రీచార్జ్ అనే మాటే లేదు, ఎవరైనా ఫ్రీ డిష్‌కి రీచార్జ్ అని డబ్బులడిగితే అది మోసం. మొదట్లో డిష్, బాక్స్, వైరు అన్నీ కలిపి రెండు వేల లోపు పెట్టుకుంటే అయిపోతుంది. ముందే ఒక మాట చెప్పేస్తా, తెలుగు సీరియళ్ళ కోసం అయితే ఇది పెట్టుకుని బాధపడతారు, ఇందులో హిందీ ఛానళ్ళే ఎక్కువ. డీడీ సప్తగిరి, న్యూస్, పాత సినిమాలు, పిల్లలకి చదువు ఛానళ్ళు చాలు అనుకునేవాళ్ళకి మాత్రం చాలా మంచిది. చంద్రగిరి అవతల పల్లెలో మా అవ్వ ఒక్కతే ఉంటుంది, కేబుల్‌కి ప్రతి నెలా డబ్బులు కట్టడానికి ఆమెకి మనిషి కావాలి, అందుకే రెండేళ్ళ కింద నేనే పోయి బిగించి వచ్చా.

కొనేటప్పుడు ఎంపెగ్-4 బాక్సే తీసుకోండి, ఎంపెగ్-2 బాక్స్ వంద రెండొందలు తక్కువకి ఇస్తామంటారు గాని అందులో కొన్ని ఛానళ్ళు రావు. ఇంట్లో డబ్బు కట్టే కంపెనీ డిష్ వాడకుండా మూల పడి ఉంటే కొత్తది కొనక్కర్లేదు, 60 సెంటీమీటర్ల డిష్ ఏదైనా సరిపోతుంది, దిక్కు మార్చుకుంటే చాలు. వైరు మాత్రం ఆర్‌జీ-6 అని రాసి ఉన్నదే తీసుకోండి, లోకల్ కేబుల్ వాళ్ళు వదిలేసిన పాత ముక్కల్ని అతికించొద్దు.

ఇప్పుడు దిక్కు. తిరుపతి నుంచి చూస్తే ఈ శాటిలైట్ ఉత్తరం నుంచి లెక్కేస్తే 133 డిగ్రీలు, అంటే దాదాపు కచ్చితంగా ఆగ్నేయం, వంటిల్లు ఏ మూల కట్టుకుంటామో ఆ మూల. చిత్తూరులో అయితే 132. టౌన్లో ఉండేవాళ్ళకి ఇంకా సులువు, కొండకి వీపు పెట్టి నిలబడి అలిమేలుమంగమ్మ గుడి ఎటు ఉందో అటు తిరగండి, లీలామహల్ ఆ చుట్టుపక్కల నుంచి తిరుచానూరు దాదాపు అదే దిక్కు. ఫోన్లో కంపాస్ కూడా చూడొచ్చు గాని పిల్లర్ కమ్మీల దగ్గర, ఇనప పైపు పక్కన పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది, నాలుగడుగులు దూరం జరిగి చూసి ఎదురుగా కనిపించే ఏ కొబ్బరి చెట్టో సెల్ టవరో గుర్తు పెట్టుకోండి. పక్కింటోళ్ళ డిష్ చూసి అటే పెట్టేయొద్దు, అన్ని కంపెనీలదీ ఒకే శాటిలైట్ కాదు, వాళ్ళది దక్షిణం వైపు ఉండొచ్చు.

నేల మట్టం నుంచి లెక్కేస్తే ఎత్తు 67 డిగ్రీలు. అంటే శాటిలైట్ మనకి చాలా పైన ఉంటుంది, అందుకే కొండలు అడ్డం వస్తాయేమో అని భయం అక్కర్లేదు, శేషాచలం ఉత్తరాన ఉంది, మనం చూసేది ఆ వైపే కాదు. అడ్డం వచ్చేవి దగ్గరవే, వాటర్ ట్యాంకు, పక్కింటి పై అంతస్తు, డిష్ నెత్తి మీదికి వంగిన కొబ్బరి మట్ట. మార్చి నడిమధ్య, సెప్టెంబర్ ఆఖరు, ఈ రెండు సార్లు పొద్దున పదకొండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ శాటిలైట్ వెనకకి వస్తాడు, ఆ రోజుల్లో ఆ టైముకి డిష్ పెట్టాలనుకునే చోట ఎండ పడుతుంటే సిగ్నల్ కూడా పడుతుంది. అదే రోజుల్లో కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది కూడా, సూర్యుడి వల్లే, దానంతట అదే వస్తుంది, డిష్ తిప్పకండి.

చాలామంది పొరబడేది ఇక్కడ. 67 అన్నారు కదా అని డిష్ ముఖాన్ని ఆకాశానికి ఎత్తేస్తారు, ఏమీ రాదు. ఈ డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు ఉండే, సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) మధ్యలో కాకుండా కింద చేతికి ఉంటుంది, అందుకే డిష్ నిజంగా చూసే ఎత్తు కంటే దాని ముఖం ఇరవై ఇరవై అయిదు డిగ్రీలు కిందికి వాలి కనిపిస్తుంది. వెనక క్లాంప్ మీద డిగ్రీలు గీసి ఉంటే 67 దగ్గర పెట్టేయండి, ఆ గీతల్లో ఈ లెక్క కలిసే ఉంటుంది. గీతలు లేకపోతే నిట్టనిలువుగా నిలబెట్టినదానికీ ఆకాశానికి పడుకోబెట్టినదానికీ సగం సగంలో పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

దీనంతటికీ ముందు స్టాండ్ పైపు నిలువుగా ఉండాలి. దారానికి బరువైన నట్టు కట్టి పైపు పక్కన వేలాడదీసి రెండు వైపుల నుంచి చూడండి, పైపు వంకరగా ఉంటే డిష్ పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది, రోజంతా తిప్పినా దొరకదు. పిట్టగోడకి బిగించేటప్పుడు గోడ లోపలి వైపే నిలబడి పని చేయండి, బయటికి వంగొద్దు, కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే ఆ మూలే వదిలేయండి, ఒక్క ఛానల్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

వైరు చివర కనెక్టర్ బిగించేటప్పుడు తొందర వద్దు. పై నల్ల తొడుగు కొంచెం కోయండి, కింద వెండి రంగు అల్లిక వస్తుంది, దాన్ని తెగ్గొట్టకుండా వెనక్కి తొడుగు మీదికి మడవండి, తెల్ల ప్లాస్టిక్ కోసి లోపలి రాగి తీగ బయటపెట్టండి, కనెక్టర్ తిప్పి ఎక్కించాక ఆ రాగి తీగ కనెక్టర్ అంచు దాటి ఒకట్రెండు మిల్లీమీటర్లు కనబడాలి. అల్లికలో ఒక్క వెంట్రుక లాంటి పోగు రాగి తీగకి తగిలినా షార్టే. ఈ వైరులోనే బాక్స్ నుంచి ఎల్ఎన్‌బీకి 13, 18 వోల్టుల కరెంటు పోతుంది, అందుకే వైరు పెట్టేటప్పుడు తీసేటప్పుడు బాక్స్ ఆఫ్ చేయండి.

ఇక తిప్పడం. బాక్స్ మెనూలో ఎల్ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ 9750/10600 అని, శాటిలైట్ జీశాట్-15 అని పెట్టండి. రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ చూడకండి, అది వైరు పెట్టగానే డిష్ గోడకి తిరిగి ఉన్నా వస్తుంది, చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే. కింద ఎవరినైనా టీవీ ముందు వాట్సాప్ వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. డిష్ అంచు పట్టుకుని ఎడమ నుంచి కుడికి చీమ నడిచినట్టు జరపండి, జరిపి రెండు మూడు సెకన్లు ఆగండి, బాక్స్‌కి చూసుకోవడానికి ఆ టైము పడుతుంది. అంచు దగ్గర అర సెంటీమీటర్ జరిగితే ఒక డిగ్రీ తిరిగినట్టు, ముప్పై ఆరు వేల కిలోమీటర్ల అవతల ఆ ఒక్క డిగ్రీ ఆరొందల కిలోమీటర్లు, మరి గుంజి తిప్పితే ఎట్లా దొరుకుతుంది? ఒక వరస దొరక్కపోతే ఎత్తు ఒక్క గీత మార్చి మళ్ళీ ఎడమ నుంచి కుడికి.

క్వాలిటీ దొరికాక ఎల్ఎన్‌బీని తిప్పాలి, ఇది వదిలేసేవాళ్ళే ఎక్కువ. మన ఊళ్ళ నుంచి ఈ శాటిలైట్‌కి దాదాపు 45 డిగ్రీల మెలిక ఉంటుంది, డిష్ ముందు నిలబడి చూస్తే ఎల్ఎన్‌బీ వైరు మూతి గడియారంలో ఆరు దగ్గర కాకుండా ఏడుకీ ఎనిమిదికీ మధ్యకి వస్తుంది, అక్కడి నుంచి కొంచెం అటూ ఇటూ తిప్పి క్వాలిటీ ఎక్కడ ఎక్కువుందో అక్కడ బిగించండి. కొన్ని ఛానళ్ళు వచ్చి కొన్ని రాకపోతే మొదటి అనుమానం దీని మీదే.

అవ్వ వాళ్ళింట్లో నాకు క్వాలిటీ అరగంటలోనే డెబ్బై దాటింది, సంబరంగా స్కాన్ చేస్తే ఒక్క డీడీ ఛానల్ కూడా లేదు. పక్కనే రెండు డిగ్రీల లోపు వేరే శాటిలైట్ ఉంది, నేను పట్టింది దాన్ని. మళ్ళీ మెల్లిగా పక్కకి జరిపితే క్వాలిటీ సున్నాకి పోయి ఇంకోసారి పైకి లేచింది, అప్పుడు స్కాన్ చేస్తే డీడీ సప్తగిరి వచ్చింది. కాబట్టి స్కాన్ అయి డీడీలు కళ్ళబడేదాకా నట్లు పూర్తిగా బిగించొద్దు. బిగించేటప్పుడు కూడా ఒక్కో నట్టు కొంచెం కొంచెం, క్వాలిటీ చూసుకుంటూ, ఒకటే నట్టు గట్టిగా తిప్పేస్తే డిష్ జరుగుతుంది.

కనెక్టర్ మీద వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టండి, వైరు ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదలండి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లేకపోతే వైరు వెంట నేరుగా బాక్స్‌లోకి వస్తాయి. నవంబర్‌లో తుపాను వానలు గట్టిగా కొట్టినప్పుడు బొమ్మ ముక్కలవుతుంది, ఆ మబ్బు పోతే అదే వస్తుంది. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం వైరు బాక్స్ నుంచి పీకేయండి. రెండు మూడు నెలలకోసారి ఆటో స్కాన్ చేయండి, ఫ్రీ డిష్‌లో ఛానళ్ళు మారుతుంటాయి, స్కాన్ చేయకపోతే కొత్తవి కనబడవు.

ఇంకొక పని, అన్నీ అయ్యాక పర్మనెంట్ మార్కర్ తీసుకుని పైపు మీద, క్లాంప్ మీద కలిసేలా ఒకే నిలువు గీత గీయండి, ఎత్తు నట్టు దగ్గర ఇంకోటి. కొండ పక్క ఊళ్ళల్లో కోతులు డిష్ పట్టుకుని ఊగుతాయి. పోయిన సంక్రాంతికి ముందు అవ్వ ఫోన్ చేసి "అబ్బోడా, కోతి తిప్పేసింది, టీవీ నల్లగా ఉండాది" అంది, నేను తిరుపతిలో డ్యూటీలో ఉన్నా, పక్కింటి పిల్లోణ్ణి మిద్ది ఎక్కించి గీతకి గీత కలపరా అన్నా. పది నిమిషాలకి అవ్వ ఫోన్లో సప్తగిరి వార్తలు వినపడ్డాయి.