డిస్క్ ఇమేజ్ తీసే ముందు, తిరిగి ఎక్కించే ముందు జాగ్రత్తలు

గోదావరికి ఎర్రనీరు రాకముందే లంకల్లో వాళ్లు ధాన్యం బస్తాలు మేడ ఎక్కిస్తారు. కంప్యూటర్‌లోని లెక్కలు, ఫొటోలకూ ఆపాటి ముందుచూపు కావాలి. డిస్క్ ఇమేజ్ అంటే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఫైలుగా తీసి దాచుకునే కాపీ.

– ముందు కరెంటు సంగతి. ఇమేజ్ తీయడానికి గంటలు పట్టొచ్చు. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి, గాలివాన రోజున అసలే వద్దు.

– ఇమేజ్ దాచే బయటి డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉందో లేదో చూసుకోండి.

– బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

– రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో (డిస్క్ పాడైనా కంప్యూటర్‌ను లేపడానికి తయారుచేసుకునేది) కంప్యూటర్ బూట్ అవుతుందో లేదో ఇప్పుడే చూడండి. డిస్క్ పోయాక చూస్తే లాభం లేదు.

– అన్నిటికంటే భయపడాల్సింది రీస్టోర్ దగ్గర. ఇమేజ్ ఎక్కించే డిస్క్‌లో పాతదంతా చెరిగిపోతుంది. అమలాపురంలో మా ఇంట్లో ఓసారి రెండు డిస్కులూ తెరమీద 931 జీబీ అనే కనిపించాయి. రెండూ 1 టీబీవే మరి. ఒకదాంట్లో అమ్మ షష్టిపూర్తి ఫొటోలున్నాయి. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయాను, చేతులు చల్లబడ్డాయి. సిస్టమ్ ఆపేసి ఆ డిస్క్ కేబుల్ పీకేశాకే ముందుకెళ్లాను. మీరూ అలాగే చేయండి. స్టిక్కర్ మీది సీరియల్ నంబరు తెరమీది దానితో పోల్చి చూసుకోండి.

– ఇమేజ్ తీసి, ఎక్కించే క్లోనెజిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే కొత్త డిస్క్ పాతదానంత గానీ, అంతకంటే పెద్దది గానీ ఉండాలి.

– పాతది చెరిపే ముందు ఇమేజ్‌ను వెరిఫై చేయండి, అంటే సరిగ్గా వచ్చిందో లేదో సాఫ్ట్‌వేర్‌తోనే సరిచూసుకోండి. టైము పట్టినా సరే.

– ఇంకో కాపీ వరద రాని ఊళ్లో, చుట్టాలింట్లో ఉంచండి.