ముందు బొటనవేలు కుదరాలి

అమెరికా గిటారిస్టు చెట్ అట్కిన్స్ గిటార్ వింటుంటే వాయించేది ఒక్క మనిషేనా అనిపిస్తుంది. కింద బొటనవేలితో బేస్ (లోతు స్వరాలు) నడుస్తుంటుంది, పైన పాట మెత్తగా సాగుతుంటుంది, తీగను గట్టిగా లాగిన చప్పుడే ఉండదు. ఆయన 2001లో పోయినారు. ఎండాకాలం రాత్రి కడపలో మిద్దె మీద పడుకుని ఆయన్ని వింటే నాకు ఇప్పటికీ ప్రాణం చల్లబడుతుంది.

ఫింగర్‌స్టైల్, అంటే ఇట్లా తీగలను వేళ్లతో విడివిడిగా మీటే పద్ధతి, కొత్తగా మొదలుపెట్టినోళ్లు వెంటనే పాట జోలికి పోకండి. వారం పాటు బొటనవేలు ఒక్కటే. సి కార్డ్ (సి స్వరమేళం) పట్టి 5, 4 తీగలు (అన్నిటికంటే సన్నది 1వ తీగ) మార్చి మార్చి మీటండి, లయ కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి. అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ పెట్టె మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకు ఊరికే ఆనాల, నొక్కితే నాదం చచ్చిపోతుంది. పక్కనోళ్లతో మాట్లాడుతున్నా బొటనవేలు లయ తప్పలేదంటే, అప్పుడు చూపుడువేలు 3వ తీగకు, మధ్యవేలు 2వ తీగకు ఇవ్వండి.