నైట్ డ్యూటీ నర్సు ఇంట్లో దాంపత్యాన్ని కాపాడుకోవడం ఎలా?

రాత్రంతా వార్డులో నిలబడి, ఉదయం తరువాతి షిఫ్టు వారికి హ్యాండోవర్ ఇచ్చి ఇంటికి చేరిన స్టాఫ్ నర్సు, భర్త పలకరింపుకు పొడిగా జవాబిచ్చి పడకగదిలోకి వెళ్లిపోతే, దానిని అయిష్టమని అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. చీకటి పడ్డాక శరీరంలో పెరగవలసిన, నిద్రకు తోడ్పడే హార్మోన్ మెలటోనిన్‌ను వార్డు లైట్లు అణచివేస్తాయి. పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. ఆ లోటు చిరాకుగానూ, కోరిక తగ్గడంగానూ బయటపడుతుంది. పైగా ఒక మంచం మీద రోగి కన్నుమూసిన మరుక్షణమే పక్క మంచం దగ్గర సెలైన్ సరిచేయవలసిన ఉద్యోగంలో, అక్కడ దిగమింగిన దుఃఖం ఇంటికే వస్తుంది.

కాబట్టి మొదట డ్యూటీ చార్టుతో ప్రారంభించండి. అది చేతికి రాగానే ఇద్దరూ కూర్చొని, వరుస నైట్ల తరువాత వచ్చే ఆఫ్‌లో మొదటి పూటను పూర్తిగా నిద్రకు, సాయంత్రాన్ని మీ ఇద్దరికీ కేటాయించుకోండి. నైట్ చేసి వచ్చిన ఉదయం కాఫీ మానేసి, తేలికపాటి టిఫిన్ తిని, గది చీకటి చేసుకొని పడుకోవాలి. పిల్లలను బడికి పంపడం ఆ రోజుల్లో భర్త పని. "కోడలు పట్టపగలు పడుకుంటుంది" అనే మాట ఇంట్లో వినిపిస్తే, సమాధానం చెప్పవలసింది కూడా ఆయనే, ఆమె కాదు.

సాన్నిహిత్యానికి ముందుగా సమయం అనుకోవడం కృత్రిమంగా తోచవచ్చు. కాని భోజనం, నిద్ర సైతం చార్టును బట్టి నడిచే ఇంట్లో ఇది ఒక్కటే తనంతట తాను కుదరాలని ఆశించడం న్యాయం కాదు. ఆ సమయం కలయికకే అన్న షరతు పెట్టుకోకండి. పక్కన కూర్చొని తల నిమరడం కూడా దాంపత్యమే. "ఈ రోజు ఓపిక లేదు, ఆదివారం చూద్దాం" అన్న మాట తిరస్కారం కాదు, అలాగని బాకీ పత్రమూ కాదు. ఆదివారం కూడా మనసు లేకపోతే వద్దనే హక్కు ఆమెకు ఉంటుంది.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రోజంతా ఉంటూ రెండు వారాలు దాటితే, దానిని అలసట ఖాతాలో వేయకుండా వైద్యులను కలవండి. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు కూడా కోరికను తగ్గించవచ్చు. సిగ్గుపడి సొంతంగా మాత్రలు ఆపేయడం కంటే ఆ సంగతి డాక్టరుకు చెబితే మోతాదునో మందునో మార్చే వీలుంటుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ నంబరుకు ఫోన్ చేయడానికి డ్యూటీ ముగిసేవరకు కూడా ఆగకండి.