ఫోన్‌కి డబ్బు పెట్టి సెక్యూరిటీ యాప్ కొనాలా? ముందు మీ ఫోన్ బాధేమిటో చూడండి

విశాఖ డాబా గార్డెన్స్‌లో ఫోన్లు బాగుచేసే కౌంటర్ నాది. "వైరస్ పట్టిందండీ, డబ్బులైనా పర్లేదు, మంచి యాంటీవైరస్ వేసేయండి" అంటూ వచ్చేవాళ్లు చాలామంది. ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే ఎక్కువసార్లు అది వైరసే కాదు. అందుకే బాధను బట్టి చెప్తాను.

"మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి" అని మాటిమాటికీ మెసేజ్

కారణం: ఎప్పుడో క్రికెట్ లైవ్ కోసమో, సినిమా డౌన్‌లోడ్ కోసమో ఏదో సైట్‌కి వెళ్లి, అడిగిందని 'అలవ్' నొక్కేశారు. ఆ సైటే క్రోమ్ ద్వారా ఈ మెసేజ్‌లు పంపుతోంది. ఒక వెబ్ పేజీకి మీ ఫోన్‌ని స్కాన్ చేసే దారే లేదు, ఆ 13 ఉత్త అంకె. దాన్ని నొక్కితే తీసుకెళ్లేది యాప్ కొనే పేజీకే.

పరిష్కారం: క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ తెలియని సైట్లన్నీ బ్లాక్ చేయండి. ఖర్చు సున్నా.

ఫోన్ వేడెక్కుతోంది, ఛార్జింగ్ నిలవట్లేదు

మూడేళ్లు వాడిన బ్యాటరీ, నిండిపోయిన స్టోరేజీ, మే నెల ఉక్క. లేదంటే ఆర్‌కే బీచ్ ఇసుక ఛార్జింగ్ పోర్టులో చేరి ఉంటుంది. దీనికి యాప్ ఏం చేస్తుంది? పైగా రోజంతా వెనకాల నడుస్తూ ఉన్న ఛార్జింగ్ కాస్తా తినేస్తుంది. పోర్టు శుభ్రం చేయించి, బ్యాటరీ మార్పించండి.

ఏ యాప్ తెరిచినా స్క్రీన్ నిండా యాడ్స్

కారణం: ఉచితంగా దొరికిన టార్చ్, వాల్‌పేపర్, లేదా 'క్లీనర్' యాప్. ఫోన్‌ని శుభ్రం చేస్తానని వచ్చి చెత్త పోసేది ఎక్కువగా ఈ క్లీనర్లే.

పరిష్కారం: యాడ్ వచ్చినప్పుడే, తెరిచిన యాప్‌లన్నీ చూపించే రీసెంట్స్ బటన్ నొక్కండి. ఆ యాడ్ ఏ యాప్‌దో పైన బొమ్మతో కనిపిస్తుంది. దాన్ని తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్స్' అని వెతికి, దాని అనుమతి ఆపేసి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లోకి వెళ్లి స్కాన్ చేయండి. అది గూగుల్ ఉచితంగా ఇచ్చే కాపలా, ఫోన్‌తోనే వస్తుంది.

ఓటీపీలు కనిపించట్లేదు, మన నంబరు నుంచి వాటంతట అవే మెసేజ్‌లు వెళ్తున్నాయి

ఇది మాత్రం నిజంగా ప్రమాదం. గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వాట్సాప్‌లో తెలిసినవాళ్ల నంబరు నుంచే 'ఆర్‌టీఓ చలాన్' అని ఫైల్ వచ్చింది. చివర ఏపీకే అని ఉంది, అంటే అది చలాన్ కాగితం కాదు, ఫోన్‌లోకి యాప్‌ని ఎక్కించే ఫైల్. ఆయన స్కూటర్ నిజంగానే ఎన్ఏడీ జంక్షన్‌లో సిగ్నల్ దాటింది, అందుకే టెన్షన్‌తో తెరిచేశారు. అది ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చేశారు. ఇక ఓటీపీలన్నీ అవతలివాడికే.

"డబ్బులు కట్టిన యాప్ ఉందిగదా బాబూ, మరి ఇదేటి?" అన్నారు. తెరిచి చూశాను. యాప్ హెచ్చరించింది, హిస్టరీలో ఉంది. ఆయనే పక్కకి తోసేశారు. తోసేయరా మరి? 'చెత్త పేరుకుంది', 'స్పీడ్ పెంచుకోండి', 'ప్రీమియంకి మారండి' అని అది రోజూ అరుస్తూనే ఉంది. నిజంగా దొంగ వచ్చిన రోజు కూడా అదే గొంతు.

పరిష్కారం: వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డులు ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెప్తే, అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' చూసి తెలియనివి తీసేయండి.

మళ్లీ జరగకుండా, సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతికి, వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ఆ అనుమతి తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో నేను మొదట చేసే పని ఇదే. చలాన్ చూసుకోవడానికి ఏ ఫైలూ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

మరి ఎవరు కొనాలి?

ఐఫోన్ వాళ్లకి అక్కర్లేదు. అక్కడ ఒక యాప్ ఇంకో యాప్ లోపలికి తొంగిచూడలేదు, ఇక స్కాన్ ఏం చేస్తుంది? ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ దాటి బయటికి వెళ్లనివాళ్లకి కూడా ఉన్నదే చాలు. ఫోన్ పోతే వెతకడం కోసం అంటారా, గూగుల్ 'ఫైండ్ హబ్' ఉచితం. ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐతో, అంటే ఫోన్ గుర్తింపు నంబరుతో, ఫోన్ బ్లాక్ చేయించడమూ ఉచితమే. *#06# నొక్కితే వచ్చే ఆ నంబరు ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంకో కాపలా కావాలంటే ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ సీ-డాక్ తయారుచేసిన 'ఎం-కవచ్ 2' ఉంది, దానికీ డబ్బులక్కర్లేదు.

వచ్చిన ప్రతి లింకూ నొక్కేవాళ్లు ఇంట్లో ఉంటే, దొంగ సైట్లని తెరుచుకోనివ్వని యాప్ కొనడంలో తప్పు లేదు. లాప్‌టాప్‌కి ఎలాగూ కొంటుంటే ఫోన్ కూడా అందులోనే వచ్చే ప్యాక్ చూడండి. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్‌కి మాత్రం ఏటా చందా కట్టకండి. ఆండ్రాయిడ్‌లో ఉన్న కన్నాల్ని ఏ యాప్ పూడ్చలేదు. ఆ డబ్బు కొత్త ఫోన్‌కి దాచుకోండి.

యాప్ తీసేశాను, అయినా డబ్బులు పోయాయి

తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో క్యాన్సిల్ చేయాలి. కంపెనీ సైట్‌లో కొన్నదైతే అక్కడ ఆటో రెన్యూవల్ ఆపి, యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా చూడండి. ఇలా తనంతట తాను కట్ అయ్యే డబ్బుకి 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. గాజువాక పెద్దాయనకీ వచ్చింది. యాప్ అరుపుల మధ్య అదీ చూడలేదు.