గిటార్ లేయర్లు (ఒకే పాటకు విడివిడిగా రికార్డు చేసిన గిటార్ ట్రాకులు) మిక్స్ చేసే ముందు

– ప్రాజెక్ట్‌ను వేరే పేరుతో సేవ్ చేయండి.

– ఒకసారి వాయించి రికార్డు చేసిన ఒకే టేక్‌ను కాపీ చేసి ఎడమకొకటి, కుడికొకటి పెట్టకండి. శబ్దం పెరుగుతుంది తప్ప వెడల్పు రాదు. వేళ్లు నొప్పెట్టినా రెండోసారి వాయించాల్సిందే.

– ఒక్కో ట్రాక్ మొదట్లో, పాట గ్యాపుల్లో వినండి. ఒక ట్రాక్‌లో పట్టించుకోని ఫ్యాన్ హోరు నాలుగు ట్రాకులు కలిసేసరికి బయటపడుతుంది. మామూలు ట్యూనింగ్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దానికంటే కిందున్నది చాలావరకు గురగురే, కింది శబ్దాలను కోసేసే హైపాస్ ఫిల్టర్‌తో తీసేయండి.

– ఒకే గిటార్‌కు రెండు మైకులు వాడితే మోనోలో (ఎడమ, కుడి ఒకటిగా కలిపి) వినండి. పల్చబడిందా? ఒకదాని పోలారిటీ (శబ్ద తరంగం పైకీ కిందికీ కదిలే దిశ) తిప్పి చూడండి.

– సోలో బటన్ నొక్కి, ఆ ట్రాక్ ఒక్కటే వింటూ ఈక్యూ (హెచ్చు, తగ్గు స్థాయి శబ్దాల సర్దుబాటు) చేయకండి. అలా చేసే నేను ఒకే పాటను మూడుసార్లు మిక్స్ చేశాను. విడిగా సన్నగా వినిపించే గిటారే గొంతు పక్కన చక్కగా ఒదుగుతుంది.