వాటర్ బాటిల్ ముక్కతో డీఎస్సీ రన్ నేర్చుకోండి

డీఎస్సీ చేస్తున్నా అని ఇంట్లో చెప్తే మా అమ్మ "నోటిఫికేషన్ ఎప్పుడు పడిందిరా" అంది. టీచర్ పోస్టుల డీఎస్సీ కాదమ్మా, ఇది డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్, ప్లాస్టిక్‌ని వేడి చేస్తూ అది ఎంత వేడి లాక్కుంటోందో ఎంత వదుల్తోందో చూసే మెషిన్. లోపల రెండు చిన్న అల్యూమినియం పాన్‌లు, ఒకటి ఖాళీ, ఇంకోదాంట్లో మన శాంపిల్, రెండింటి మధ్య తేడానే గ్రాఫ్‌గా వస్తుంది, అంతే.

కొత్తవాళ్లు పెట్ బాటిల్‌తో, అంటే మామూలు వాటర్ బాటిల్ ప్లాస్టిక్‌తో మొదలుపెట్టండి. మూతి దగ్గర ఒక ముక్క, నడుం దగ్గర ఒక ముక్క కత్తిరించి విడివిడిగా రన్ చేయండి, ఎందుకో తర్వాత చెప్తా. ఒక్కోటి 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు, కానీ చదునుగా పాన్ అడుగుకి ఆనుకుని ఉండాలి, వంకరగా ఉంటే గ్రాఫ్‌లో పీక్ సాగిపోతుంది. పాన్‌ని చేత్తో ముట్టుకోవద్దు, ట్వీజర్‌తోనే. బరువు రన్‌కి ముందూ తర్వాతా తూచండి, తగ్గిందంటే తడి అయినా పోయింది లేదా శాంపిల్ మాడింది.

అన్నిటికన్నా ముందు మెషిన్ సరిగ్గా చూపిస్తోందో లేదో ఇండియం అనే లోహం ముక్క పెట్టి చూసుకోండి, 156.6 డిగ్రీల దగ్గర కరగాలి, గ్రాముకి సుమారు 28.5 జూల్స్ రావాలి, రాకపోతే కాలిబ్రేషన్ చేయకుండా ముందుకెళ్లకండి.

ప్రోగ్రామ్: నైట్రోజన్ నిమిషానికి 50 ఎంఎల్, 30 నుంచి 280 డిగ్రీల దాకా నిమిషానికి 10 చొప్పున, అక్కడ రెండు మూడు నిమిషాలు ఆపి, అదే స్పీడ్‌లో చల్లార్చి, మళ్లీ వేడి చేయాలి.

చాలామంది మొదటి హీటింగ్ పక్కన పడేసి రెండోదే రిపోర్ట్‌లో పెడతారు, నాకైతే అది అస్సలు నచ్చదు. రెండోది పాలిమర్ గుణం చెప్తుంది నిజమే, కానీ ఆ ముక్కని ఎలా తయారుచేశారో చెప్పేది మొదటిదే, ఒకసారి కరిగాక ఆ చరిత్ర అంతా చెరిగిపోతుంది. మూతి ముక్కలో 75 డిగ్రీల చుట్టుపక్కల మెట్టులాగా గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టి ప్లాస్టిక్ మెత్తబడటం), 130 అటూఇటూ వేడి వదిలే కోల్డ్ క్రిస్టలైజేషన్ పీక్ (వేడి చేస్తుండగానే క్రిస్టల్స్ కట్టుకోవడం), 250 దగ్గర మెల్టింగ్ కనిపిస్తాయి. నడుం ముక్కలో ఆ మధ్య పీక్ బాగా చిన్నదైపోతుంది, ఒక్కోసారి అసలు ఉండదు, ఎందుకంటే బాటిల్ ఊదేటప్పుడు నడుం బాగా సాగి అప్పుడే క్రిస్టల్స్ కట్టేసుకుంది, మూతి సాగలేదు కదా. మెట్టు పక్కన చిన్న బొడిపె ఉంటే మెల్టింగ్ అని రాసేయకండి, అది ప్లాస్టిక్ పాతబడటం వల్ల వచ్చేది, రెండో హీటింగ్‌లో మాయమవుతుంది.

క్రిస్టలినిటీ, అంటే ముక్కలో ఎంత శాతం క్రిస్టల్స్ ఉన్నాయనే లెక్కలో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మెల్టింగ్ విలువలోంచి కోల్డ్ క్రిస్టలైజేషన్‌ది తీసేయడం మర్చిపోతారు. మెల్టింగ్ గ్రాముకి 48 జూల్స్, మధ్య పీక్ 32 అనుకోండి, మిగిలిన 16ని 140తో భాగిస్తే 11 శాతం చిల్లర, తీసేయకపోతే 34 వచ్చి కూర్చుంటుంది. ఆ 140 పూర్తి క్రిస్టల్ పెట్‌కి వాడే విలువ, గ్రాముకి జూల్స్‌లో. 30 శాతం గ్లాస్ ఫైబర్ కలిసి ఉంటే పాలిమర్ 70 శాతమే కాబట్టి 140ని 0.7తో గుణించి వాడాలి. గ్రాఫ్ మీద ఎక్సో (వేడి వదిలే పీక్) పైకా కిందకా రాయడం కూడా మర్చిపోవద్దు, ఒక్కో కంపెనీ మెషిన్ ఒక్కోలా గీస్తుంది.

తెలియని శాంపిల్ అయితే ముందు టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతోందో చూసే పరీక్ష) చేసి ఎన్ని డిగ్రీల దగ్గర కాలుతుందో చూసుకుని దానికి బాగా కిందే ఆపేయండి. ముఖ్యంగా పీవీసీ, అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వదిలి సెల్‌ని (పాన్‌లు కూర్చునే గదిని) తినేస్తుంది, ఆ సెల్ ఖరీదు వింటే గైడ్ మొహం చూడలేరు.