స్లీప్ నుంచి లేచాక వైఫై పోతోందా? ముందు రీస్టార్ట్ కొట్టండి

ల్యాప్‌టాప్ మూత వేసి భోజనానికి వెళ్తారు. తిరిగొచ్చి మూత తీస్తే విండోస్ వెంటనే లేస్తుంది గానీ నెట్ మాత్రం రాదు. ఈ ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చేవాళ్ళు అప్పటికే చాలా చేసి ఉంటారు. ఒకరు రౌటర్ మార్చేసి ఉంటారు, ఇంకొకరు ఎక్కడెక్కడి నుంచో డ్రైవర్లు (వైఫై కార్డు లాంటివాటిని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్లు) దించి ఉంటారు, కొందరైతే విండోస్ కూడా మళ్ళీ ఎక్కించేసి ఉంటారు. మొదట చేయాల్సిన పని మాత్రం చేసి ఉండరు. నెట్ పోయి ఉన్నప్పుడే, ఇంకేమీ ముట్టుకోకుండా, స్టార్ట్ మెనూలోంచి రీస్టార్ట్ కొట్టాలి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఈ రెండూ ఒకటి కాదన్న సంగతి కింద వివరంగా చెబుతాను.

రీస్టార్ట్ తర్వాత నెట్ వచ్చేసిందంటే రౌటర్‌నీ నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ళనీ వదిలేయండి. తేడా మీ మెషీన్ నిద్ర లేచే పద్ధతిలోనే ఉంది. అప్పటికీ రాకపోతే అదే వైఫై మీద ఫోన్ పనిచేస్తోందేమో చూడండి. ఫోన్‌కీ రాకపోతే అది రౌటర్ సంగతి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇన్వర్టర్ మీద లేని రౌటర్ ఆగిపోయి, మళ్ళీ లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది.

లక్షణం: వైఫై పేర్ల జాబితానే రావడం లేదు

గడియారం పక్కన వైఫై గుర్తు బదులు భూగోళం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే జాబితా ఖాళీగా ఉంటుంది, లేదా వైఫై బటనే కనిపించదు. బ్యాటరీ మిగులుతుందని విండోస్ వైఫై కార్డుకు పవర్ తగ్గించింది, లేచేటప్పుడు డ్రైవర్ దాన్ని మళ్ళీ లేపలేకపోయింది. ఎక్కువసార్లు కారణం ఇదే.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్' అన్నచోట టిక్ తీసేయండి. ఓకే కొట్టి, రీస్టార్ట్ చేయండి. కొత్త డ్రైవర్ ఎక్కినప్పుడు ఈ టిక్ తిరిగి వచ్చేస్తుంటుంది. కొన్ని నెలలు బాగా నడిచి మళ్ళీ మొదలైందంటే ముందు ఇక్కడే చూడాలి.

టిక్ తీసినా అంతే ఉంటే డ్రైవర్ సంగతి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి, అక్కడ ఇచ్చిన వైఫై డ్రైవరే వేయండి. ఒక అప్‌డేట్ తర్వాతే ఇది మొదలైతే అదే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లోని రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాతదానికి వెనక్కి వెళ్ళండి. డ్రైవర్లు వెతికిపెడతామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్ళకండి, అవి తెచ్చే తలనొప్పి అసలు సమస్యకన్నా పెద్దది.

లక్షణం: షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా పోవడం లేదు

చాలామందిని తప్పుదారి పట్టించేది ఇదే. "అన్నా, రాత్రి షట్‌డౌన్ చేశా, పొద్దున ఆన్ చేశా, అయినా వైఫై లేదు. కార్డు పోయినట్టుంది" అంటారు. కార్డు పోలేదు. అసలు ఆ మెషీన్ పూర్తిగా ఆగనే లేదు.

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. విండోస్ 10, 11లలో మామూలుగా ఇది ఆన్‌లోనే ఉంటుంది. మీరు షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూతపడతాయి, మీ లాగిన్ ముగుస్తుంది. కానీ విండోస్ లోపలి భాగాన్ని, డ్రైవర్లు ఆ క్షణంలో ఉన్న స్థితితో సహా, డిస్క్ మీద ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది. పొద్దున ఆన్ చేయగానే ఆ ఫైల్ చదివి నిన్నటి చోటు నుంచే ఎత్తుకుంటుంది. మధ్యాహ్నం స్లీప్‌లో వైఫై డ్రైవర్ ఇరుక్కుపోతే, ఆ ఇరుక్కున్న డ్రైవరే రాత్రి ఫైల్‌లోకి, పొద్దున మళ్ళీ మెమరీలోకి వస్తుంది. రీస్టార్ట్‌లో ఈ ఫైల్ గొడవ లేదు, అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద 'అప్ టైమ్' అని ఉంటుంది. మొదటి అంకె రోజులు, తర్వాత గంటలు, నిమిషాలు, సెకన్లు. రోజూ రాత్రి బుద్ధిగా షట్‌డౌన్ చేసేవాళ్ళ మెషీన్‌లో అక్కడ 11:04:22:10 లాంటిది కనిపిస్తుంది. అంటే 11 రోజులుగా ఆ విండోస్ ఒక్కసారి కూడా కొత్తగా మొదలవలేదు.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది, నన్ను బాధపెట్టేది అదే. సరైన సెట్టింగే మారుస్తారు, సరైన డ్రైవరే వేస్తారు. తర్వాత షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తారు, పాత స్థితే తిరిగొస్తుంది. 'ఇది పనిచేయలేదు' అనుకుని మార్చినది వెనక్కి తీసేసి, కారణం కానివాటి వెంట పడతారు. సర్వీస్ సెంటర్‌లో కార్డు మార్పించుకుని డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఫాస్ట్ స్టార్టప్ ఆపడం కష్టం కాదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు'. అక్కడ 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్అవైలబుల్' నొక్కితేనే కింది గళ్ళు మార్చనిస్తుంది. 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' టిక్ తీసి సేవ్ చేయండి. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో దీనివల్ల పోయేది కొద్ది సెకన్లే. సెట్టింగ్ మార్చడం ఇష్టం లేకపోతే, షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. విండోస్ పక్కనే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెట్టుకున్నవాళ్ళు ఫాస్ట్ స్టార్టప్ తీసేయడమే మంచిది. విండోస్ సగంలో వదిలిన వైఫై కార్డు లినక్స్‌లోనూ దొరకకుండా పోతుంటుంది.

లక్షణం: కనెక్టెడ్ అని ఉంది, పేజీలు తెరుచుకోవు

ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే ప్రత్యేక లైన్) ఉంటే ముందు దాన్ని డిస్‌కనెక్ట్ చేయండి. స్లీప్‌లో ఆ లైన్ తెగిపోయినా, మీ మెషీన్ ఇంకా దాని గుండానే పంపాలని చూస్తుంటుంది. వీపీఎన్ లేకపోతే సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ఐపీ అడ్రస్ (రౌటర్ మీ మెషీన్‌కు ఇచ్చే నంబరు) చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. వైఫై ఒకసారి ఆపి ఆన్ చేస్తే సరిపోతుంది.

లక్షణం: పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబే లేదు

కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) powercfg /a అని కొట్టండి. ఉన్న స్లీప్ రకాలలో 'S0 Low Power Idle' అని వస్తే మీది మోడ్రన్ స్టాండ్‌బై మెషీన్. ఫోన్‌లా సగం మెలకువగా నిద్రపోతుంది, ఆ ట్యాబ్ చాలాసార్లు ఉండదు. కంపెనీ ఇచ్చిన వైఫై డ్రైవర్, బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ రెండూ వేయండి. అయినా తగ్గకపోతే, పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే స్లీప్ బదులు హైబర్నేట్ (ఉన్నదంతా డిస్క్ మీద రాసి పవర్ ఆపేయడం) అయ్యేలా పెట్టండి. లేవడానికి కాస్త ఆలస్యమవుతుంది గానీ కార్డు చాలాసార్లు సరిగ్గా మొదలవుతుంది.

ఏది మార్చినా రీస్టార్ట్ చేశాకే పరీక్షించండి. మూత వేసి రెండు నిమిషాల్లో తీసి బాగుందనుకోకండి, కనీసం ఒక గంట వదలండి. నెట్‌వర్క్ రీసెట్ ఆఖరున మాత్రమే. సేవ్ అయిన వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, అడాప్టర్లు మళ్ళీ ఎక్కుతాయి కాబట్టి ఆ టిక్ కూడా మళ్ళీ చూసుకోవాలి.

యూఎస్‌బీ వైఫై ముక్క వాడేవాళ్ళు పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడనప్పుడు యూఎస్‌బీ పరికరానికి పవర్ తగ్గించే సెట్టింగ్) ఆపి చూడండి. రీస్టార్ట్ తర్వాత కూడా డివైస్ మేనేజర్‌లో కార్డు కనిపించకపోయినా, కోడ్ 10 (పరికరం మొదలవలేదనే సందేశం) చూపించినా, షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కి పూర్తిగా ఆపి, ఛార్జర్ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే అప్పుడు కార్డు విప్పి చూడటానికి ఇవ్వండి.